ముల్లు లేస్తాది, బండి పోదు

పోయిన వారం పులివెందుల్లో ఒక ఊరేగింపు వెనక ఇరుక్కుపోయాను. ముందు ఎవరిదో పుట్టినరోజు, వెనక నేను, నడుమ ముప్పై నలభై తెల్ల కార్లు. మనిషి నడిచేదానికంటే నిదానంగా కదులుతున్నాయి. ఇంజన్ల చప్పుడు వింటే మాత్రం అన్నీ కలిసి ఏదో కొండ ఎక్కుతున్నాయని అనుకోవాలి. కాసేపటికి ఏసీలోంచి ఆ వాసన వచ్చింది.

కాలిన క్లచ్చు వాసన తెలియనివాళ్లు పక్కన ఎక్కడో రబ్బరు కాలుతోందనుకుంటారు. నాకు ఒక మనిషి గుర్తొస్తాడు. ఆయనే పక్క సీట్లో ఉంటే అద్దం దించి, రెండుసార్లు ముక్కు ఎగబీల్చి, "మూడో బండి. ఎడం పక్కది. సాయంత్రానికి నాకాడికి వస్తాది" అనేవాడు. వచ్చేది కూడా. ఆయన పోయి ఏడాది దాటింది. ఇప్పుడా మూడో బండి ఎవరి దగ్గరికి పోతుందో నాకు తెలీదు.

ప్రొద్దుటూరులో ఆయన్ను అందరూ మామ అనేవాళ్లు. ఆయనకంటే పదేళ్లు పెద్దవాళ్లు కూడా మామా అనే పిలిచేవాళ్లు. అసలు పేరు షెడ్డు బోర్డు మీద ఉండేది గానీ, ఏళ్ల తరబడి పట్టిన పొగా దుమ్మూ కింద ఆ పేరు చదవడం ఎవరి వల్లా అయ్యేది కాదు. తుడిపించొచ్చు కదా మామా అంటే, తెలిసినోళ్లకు బోర్డు అక్కరలేదు, తెలియనోళ్లు రానక్కరలేదు అనేవాడు. చిన్నప్పుడు ఎర్రగుంట్ల పక్క నాపరాయి లారీల దగ్గర పని నేర్చుకున్నాడట. తర్వాత కార్లకు వచ్చాడు. క్లచ్చు పని తప్ప ఇంకేదీ ముట్టుకునేవాడు కాదు. ఇంజన్ పని చెప్తే పక్క షెడ్డు వైపు గడ్డం ఎత్తి చూపించేవాడు.

నేనప్పుడు అదే రోడ్డులో ఉన్న కార్ల షోరూంలో సర్వీసు అడ్వైజర్ని. అంటే, బండి తెచ్చినాయన కోపంగా చెప్పింది విని, జాబ్ కార్డు మీద మర్యాదగా రాసి, లోపల మెకానిక్కు మొరటుగా చెప్పింది తెచ్చి మళ్లీ మర్యాదగా బయట చెప్పడం నా ఉద్యోగం. ప్రొద్దుటూరు ఎండలో మెడకు టై కట్టుకుని ఈ పని చేసేవాణ్ని. మామ నన్ను టై సారూ అని పిలిచేవాడు. నాకు వేరే పేరుందన్న అనుమానం ఆయనకు ఎప్పుడూ వచ్చినట్టు లేదు.

మా షోరూంలో మేం వచ్చినవాళ్ల మొహం చూసేవాళ్లం, తర్వాత వెనక ఎంతమంది వచ్చారో చూసేవాళ్లం. మామ ఎడమకాలి చెప్పు చూసేవాడు. మనిషి షెడ్డులోకి రాగానే చెప్పు విడిచి ఇమ్మనేవాడు. ఎంత పెద్దమనిషైనా ఒంటికాలి మీద నిలబడి చెప్పు తీసి ఇవ్వాల్సిందే. మామ దాన్ని తిరగేసి, అడుగు ఎక్కడ అరిగిందో బొటనవేలితో తడిమి, "నువ్వు బండి తోలేటప్పుడు కాలు పెడలు మీదనే పెట్టి నిద్రపోతాండావప్పా" అని తిరిగిచ్చేవాడు. నాకు తెలిసి ఒక్కరు కూడా కాదనలేదు. చేతిలో చెప్పు పట్టుకుని అబద్ధమాడటం కష్టమేమో.

షెడ్డు వెనకగోడ ఇంకో వింత. పాడైపోయిన క్లచ్చు ప్లేట్లు మేకులకు వరసగా తగిలించి ఉండేవి. ఒక్కొక్కదాని మీద గోడకు సున్నపుముక్కతో రాత. ఎలక్షన్ ప్లేటు. పుట్టినరోజు ప్లేటు. పెళ్లి ఊరేగింపు ప్లేటు. ఫ్లెక్సీ చూడడానికి పోయిన ప్లేటు. మనుషుల పేర్లు ఉండేవి కావు. కానీ ఊర్లో అందరికీ ఏది ఎవరిదో తెలుసు. టీ తాగే వంకతో వచ్చి, తమది ఇంకా గోడ మీద ఉందా లేదా అని ఓరగా చూసుకుని పోయేవాళ్లుండేవాళ్లు. తీసేయమని అడిగేవాళ్లు మాత్రం లేరు. అడిగితే తమదేనని ఒప్పుకున్నట్టు కదా.

ఆ రోజుల్లోనే మా వైపు ఒక కొత్త జబ్బు మొదలైంది. బెంగళూరు పోవడం, అక్కడెవరో బండికి ల్యాప్‌టాప్ తగిలిస్తే ఇంజన్ పవర్ పెంచుకుని రావడం. పోయేటప్పుడు మామూలు బండే, వచ్చేటప్పుడూ మామూలు బండే, కానీ దిగే మనిషి మారిపోయేవాడు. ముప్పై గుర్రాలు పెరిగినాయి అని ఒకడు, నలభై అని ఇంకొకడు. రోడ్లు అవే, గేదెలు అవే, స్పీడు బ్రేకర్లు అవే. ముద్దనూరు నుంచి పులివెందులకు పది నిమిషాలు ముందే చేరి, అక్కడ చేయడానికి పనేమీ లేక టీ అంగడి ముందు కూర్చుని, ఎంత తొందరగా వచ్చిందీ చెప్పుకునేవాళ్లు.

వాళ్లంతా ఎప్పుడో ఒకరోజు మామ దగ్గరికొచ్చి ఒకే ప్రశ్న అడిగేవాళ్లు. కంపెనీ క్లచ్చు ఎంత పవర్ మోస్తుంది? మామ అంకె చెప్పేవాడు కాదు. చెయ్యి ఇయ్యి అనేవాడు. వాళ్ల మణికట్టు తన గ్రీజు చేత్తో పట్టుకుని, మెల్లగా లాగు అనేవాడు. లాగితే మామ చెయ్యి కూడా వెంట పోయేది. ఇప్పుడు గట్టిగా గుంజు అనేవాడు. గుంజితే మణికట్టు ఆయన పిడికిట్లోంచి సర్రున జారి వచ్చేసేది, తెల్లచొక్కా కఫ్ మీద నల్లటి వేలిముద్రలు మిగిలేవి. "ఇదేనప్పా క్లచ్చంటే. అవతల ఇంజను, ఇవతల చక్రాలు, నడుమ ఒక పట్టు. గుర్రాలు పెంచినావు సరే, పట్టు పెంచినావా?" అనేవాడు.

ఆ వేలిముద్రల చొక్కాలు వేసుకుని తిరిగినవాళ్లను నేను జమ్మలమడుగులో కూడా చూశాను. ఎక్కడ అంటిందని అడగాల్సిన పనే లేదు.

అప్పటికీ నమ్మనివాళ్లకు ఇంకో పరీక్ష ఉండేది. బండి ఎక్కి, జమ్మలమడుగు దాటించి, గండికోట మిట్ట దగ్గరికి తీసుకుపోయేవాడు. టాప్ గేరు వెయ్యమనేవాడు. ఇప్పుడు పూర్తిగా తొక్కు, రోడ్డు చూడొద్దు, ఈ రెండు ముళ్లు చూడు అనేవాడు. ఇంజన్ వేగం చూపించే ముల్లు సర్రున పైకి లేచేది. బండి వేగం చూపించే ముల్లు మాత్రం ఉన్నచోటే ఉండేది. ఇంజన్ తిరుగుతోంది, ప్లేటు జారుతోంది, చక్రాలకు కబురు అందడం లేదు. మామ సీట్లో వెనక్కి వాలి, "ముల్లు లేస్తాది, బండి పోదు" అనేవాడు.

ఈ మాట ఆయనకు ఊతపదమైపోయింది. టీవీలో ఎవరైనా గొంతు చించుకుంటుంటే అదే మాట. మున్సిపాలిటీ వాళ్లు మైకు పెట్టుకుని నీళ్లొస్తాయని చెప్పిపోతే అదే మాట. ఒకసారి మా షోరూం వాళ్లు రిబ్బన్లు కట్టి, అయిదు కార్లతో పండగ ఆఫర్ ఊరేగింపు తీస్తే, షెడ్డు ముందు నిలబడి చూసి, పళ్లు కుట్టుకుంటూ అదే మాట. దాన్ని నా మీద ప్రయోగించే రోజు వస్తుందని నేను అనుకోలేదు.

ఇప్పుడు అన్న సంగతి చెప్పాలి. పెద్దముడియం వైపు పెద్ద భూములున్న ఇంటి మనిషి. ఆయనకు ఏ పదవీ లేదు, కానీ రాబోయే పదవి ఒకటి ఎప్పుడూ ఉండేది. జనం అంతా అన్న అనే అనేవాళ్లు కాబట్టి నేనూ అలాగే అంటాను. మా షోరూంలో కొన్న పెద్ద బండికి బెంగళూరులో గుర్రాలు పెంచించుకుని వచ్చాడు. దాన్ని తోలేది ఓబులేసు. తొండూరు వైపు గొర్రెలు మేపుకునే ఇంటివాడు, నలభై దాటిన మనిషి, ఇరవై ఏళ్లుగా స్టీరింగే తిండి.

అన్నకు ఓబులేసు మీద ఒకే ఫిర్యాదు. ఊరేగింపుల్లో సందు వదులుతాడు. మా వైపు ఊరేగింపులో పద్ధతేమిటంటే, నాయకుడి బండికి వెనక ఎవరు ఎంత దగ్గరుంటే అంత విలువ. అందుకని డ్రైవర్లు ఎడమకాలు సగం నొక్కి, కుడికాలితో ఇంజన్ను అరిపిస్తూ, ముందు బండిని మూతితో రాసుకుంటూ గంటలకొద్దీ పాకిస్తారు. బండి అడుగు కదిలితే ప్లేటు ఆమడ అరుగుతుంది. ఓబులేసు ఆ పని చేసేవాడు కాదు. న్యూట్రల్లో పెట్టి, కాలు తీసేసి, ముందు బండి పది అడుగులు పోయాక ఒక్కసారి గేరు వేసి పోనిచ్చి, మళ్లీ ఆపేవాడు. ఆ పది అడుగుల్లో ఇంకెవరి బండో వచ్చి దూరేది. అన్న ఒకసారి నాయకుడి నుంచి ఆరో బండి అయిపోయాడు. ఆ రోజు అన్నం తినలేదని ఓబులేసే తర్వాత నాకు చెప్పాడు.

ఊరేగింపు అయిపోయాక మాత్రం అన్న వెనక సీట్లోంచి తొక్కు, తొక్కు అనేవాడట. పెంచుకున్న గుర్రాలు ఉండేది ఎందుకు మరి. అలా తొక్కీ తొక్కీ ఏడాది తిరక్కుండానే క్లచ్చు జారడం మొదలైంది. బండి మా దగ్గరికి వచ్చింది.

ఇక్కడ మా షోరూం కష్టం కూడా మీరు అర్థం చేసుకోవాలి. కంపెనీ క్లచ్చు చెడ్డదని రాస్తే పైనుంచి మా మేనేజరుకు ఫోనొస్తుంది. ఇంజన్ పవర్ పెంచారని రాస్తే అన్నకు కోపం వస్తుంది, బండి గ్యారంటీ మొత్తం పోతుంది, మా అద్దాలు కూడా పోవచ్చు. ఎవరికీ నొప్పి తగలని మాట ఒకటి కావాలి. మేనేజరు, నేను ఒక పూటంతా వెతికాం. దొరికింది. జాబ్ కార్డు మీద నా చేత్తోనే రాశాను: డ్రైవరు అలవాటు వల్ల క్లచ్చు కాలిపోయింది. కొత్త క్లచ్చు వేశాం. అన్న సంతోషంగా పోయాడు. కంపెనీ సంతోషించింది. మేనేజరు నాకు టీ తెప్పించాడు.

మూడో రోజు ఓబులేసు గేటు దగ్గరికి వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. అన్న పనిలోంచి తీసేశాడని చెప్పాడు. అది కాదు బాధ. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, మా ఈ మూడూళ్లలో డ్రైవరు పని ఇచ్చేది కాగితాలు చూసి కాదు, నోటిమాట విని. క్లచ్చులు తినే డ్రైవరని ఒకసారి పేరొస్తే పులివెందుల నుంచి జమ్మలమడుగు దాకా ఎవరూ తాళంచెవి చేతికివ్వరు. అప్పటికే రెండు చోట్ల వద్దన్నారట. షోరూం వాళ్లే రాసిచ్చినారంటే ఇంకేం అడుగుతాం అన్నారట.

"ఇరవై ఏండ్లు సార్. ఒక్క ప్లేటు కాల్చలేదు. నా కాలు మీద ఎట్ల రాసినారు సార్?" అని అడిగాడు.

నేను కంపెనీ రూల్స్ గురించి ఏదో చెప్పాను. ఏం చెప్పానో నాకు గుర్తు లేదు. అతను తలూపుతూ విన్నాడు, అదే నాకు మంట. అరిచి ఉంటే బాగుండేది.

మధ్యాహ్నం అన్నం వేళ ఆ పాత ప్లేటును ప్లాస్టిక్ కవర్లో చుట్టుకుని మామ దగ్గరికి పోయాను. ఎవరి బండిదో చెప్పలేదు. ఆయన అడగనూ లేదు. ప్లేటును వెలుతురుకు పట్టి చూశాడు. ముఖం చూసుకోవచ్చు, అంత నున్నగా మెరుస్తోంది. నడుమ ఇనుము వేడికి నీలంగా మారింది. బేరింగు యాడ అని అడిగాడు. తేలేదన్నాను. కాలు సంగతి చెప్పేది బేరింగే కదా, అది లేకుండా నాకేం చూపిద్దామని వచ్చినావు అన్నాడు. తిరిగి పోయి పాత ఇనుప సామాను కుప్పలో వెతికి, బేరింగునూ నొక్కుడు ప్లేటునూ తెచ్చాను. టై నిండా మసి. మామ బేరింగును చెవి దగ్గర పెట్టుకుని వేలితో తిప్పాడు. కళ్లు మూసుకుని చాలాసేపు విన్నాడు.

"కొత్తదాని మాదిరి తిరుగుతాంది. కాలు పెడలు మీద పెట్టి తోలేవోడైతే ఇది ఈపాటికి గరగర అంటాండె. ఈ నొక్కుడు ప్లేటు స్ప్రింగు వేళ్లు సూడు, మొనలు అరగలా. వీని కాలు శానా మంచి కాలు సారూ. ఈ ప్లేటు కాల్చింది కాలు గాదు, గుర్రాలు."

అప్పుడు అంతా చెప్పేశాను. కార్డు మీద ఏం రాశానో కూడా. మామ సున్నపుముక్క తీసుకుని, గోడ మీద ఖాళీ మేకుకు ఆ ప్లేటు తగిలించి, దాని మీద పెద్ద అక్షరాలతో టై సారు ప్లేటు అని రాశాడు. నేను తీసెయ్ మామా అన్నాను. ఆయన చేతులు తుడుచుకుంటూ, "తెలుసుకున్నావు గదా. పోయి రాసింది కొట్టేయ్" అన్నాడు. మేనేజరు ఒప్పుకోడు, అన్న ఊరుకోడు, నాకు బాధగానే ఉంది, నేనూ చాలా ఆలోచిస్తున్నాను అని ఏవేవో చెప్పుకొచ్చాను. ఆయన నా మాట పూర్తయ్యేదాకా ఆగాడు.

"ముల్లు లేస్తాది, బండి పోదు" అన్నాడు.

మూడు నెలలు ఆ ప్లేటు ఆ గోడ మీద ఉంది. గోడ మీద మనిషి గుర్తు రాసింది అదొక్కటే. మా షోరూంకు వచ్చేవాళ్లు నా టై చూసి నవ్వడం మొదలుపెట్టారు. నేను టై కట్టడం మానేశాను. మేనేజరు మెమో ఇస్తే మళ్లీ కట్టాను. ఓబులేసు ఊరికి పోయి వాళ్లన్న గొర్రెల వెంట తిరుగుతున్నాడని ఎవరో చెప్పారు. ఆ మాట విన్నరోజు మామ షెడ్డు ముందు నుంచి పోకుండా చుట్టుదారిన ఇంటికి పోయాను.

తర్వాత ఒకరోజు పొద్దున మామ నుంచి కబురొచ్చింది, వెంటనే రమ్మని. పోతే షెడ్డు ముందు అన్న బండి. లోపల అన్న ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు. మామ ఆయన చెప్పు తిరగేసి చూస్తున్నాడు. కొత్త క్లచ్చు, కొత్త డ్రైవరు. నాయకుడి వెనక సందు వదలకుండా మూతి ఆనించి తోలే డ్రైవరు. మూడు నెలలకే మళ్లీ జారుతోంది. రెండోసారి షోరూంకు రావడానికి అన్నకు నామోషీ అయి ఇక్కడికి వచ్చాడు.

గండికోట మిట్టకు పోయాం. అన్న తోలాడు, పక్కన మామ, వెనక నేనూ, ఆ కొత్త డ్రైవరూ. ముల్లు లేచింది. బండి పోలేదు. అన్న ఇంకా తొక్కాడు. కారు నిండా వాసన కమ్ముకుంది. మామ అద్దం దించి, పక్కకు తీసి ఆపమన్నాడు. దిగి బండి నీడలో నిలబడ్డాం. ఇప్పుడు తోలింది నువ్వే కదప్పా, ఎవుర్ని పనిలోంచి తీసేస్తావు అని మామ అడిగాడు. అన్న మిట్ట మీది ఎర్రటి రాళ్ల వైపు చూసి, అందరూ అడిగే ప్రశ్నే అడిగాడు. అంతలావు కంపెనీ కదా, ఈ మాత్రం పవర్ మోసే క్లచ్చు చేయలేదా అన్నాడు.

మామ అంతకు ముందు ఎవరికీ చెప్పని జవాబు చెప్పాడు.

"చేస్తాడప్పా. కావలసినదానికంటే రోంత మిగులు పెట్టే చేస్తాడు. ప్లేటు అరిగి ముసిలిదైనాక గూడా పట్టాల గదా, దానికి కొంత. ఎండకు, మిట్టకు, బరువుకు కొంత. తోలేటోడు ఎప్పుడన్నా పొరపాటు చేస్తాడు, దానికి కొంత. ఆ మిగులంతా నువ్వు మొదటి రోజే గుర్రాలకు పెట్టేసినావు. ఇంక అది దేనికి ఓర్చుకుంటాది? నీకాడ పని చేసే మనిషిది గూడా అంతే."

ఆ చివరిమాట దగ్గర అన్న మామ ముఖంలోకి చూశాడు. మామ కొనసాగించాడు. రెండే దార్లు. గుర్రాలు తీసెయ్యి, లేదంటే బరువు క్లచ్చు వెయ్యాలి. అదేస్తే పెడలు నొక్కడానికి తొడబలం కావాలి, ఆ తర్వాత గేరుబాక్సు పోతుంది, దాని తర్వాత ఇంకొకటి. ఏదైనా సరే చేస్తాను, కానీ ఓబులేసు పేరు మీద రాసింది కొట్టేసేదాకా బండి ముట్టుకోను.

అన్న తడుముకోలేదు. నేనేమీ అనలేదు మామా, షోరూమోళ్లు రాసినారు అన్నాడు. ముగ్గురూ నా వైపు తిరిగారు. ఆయన చెప్పింది నిజమే, అందుకే నాకు తప్పించుకునే దారి లేకపోయింది.

తిరిగొచ్చి షోరూంలోకి పోయి, మేనేజరు లేనప్పుడు చూసి కాదు, ఉన్నప్పుడే ఆ కార్డు తీసుకున్నాను. ఇదొక్కటి నా గురించి మంచిగా చెప్పుకోగలిగింది, అందుకే చెప్తున్నా. ఎక్కడికి అన్నాడు మేనేజరు. తప్పు దిద్దడానికి అన్నాను. మామ షెడ్డులో, అన్న బండి బానెట్ మీద పెట్టి, పాత వాక్యం కొట్టేసి, ఇంజన్ పవర్ పెంచినందువల్ల క్లచ్చు కాలింది, డ్రైవరు తప్పు లేదు అని రాసి సంతకం చేశాను. మామ చదవమన్నాడు. అక్కడున్న అందరికీ వినబడేలా చదివాను. ఆయన గోడ దగ్గరికి పోయి, టై సారు అన్న అక్షరాలను మోచేత్తో తుడిచేశాడు. ప్లేటు అలాగే ఉంచాడు.

తర్వాత అన్న చేత ఓబులేసుకు ఫోన్ చేయించాడు. పెద్దమనుషులు తప్పు ఒప్పుకునే తీరు ఆ రోజు విన్నాను. "ఓబులేసూ, నీ కాలు తప్పేం లేదంటలే. రేపట్నించి వచ్చెయ్" అన్నాడు. ఆ 'అంట' లోనే మొత్తం మర్యాద దాచుకున్నాడు. అవతల నుంచి ఓబులేసు వేరే పనికి ఒప్పుకున్నానన్నాడు. ప్రొద్దుటూరులో దాతలు పెట్టిన శవాల బండి ఉంది, దానికి డ్రైవరు దొరక్క అవస్థ పడుతుంటే, క్లచ్చు గిచ్చు అని అడగకుండా తాళాలు ఇచ్చారట. వారం తర్వాత నాకే కనబడితే, ఇప్పుడు పేరు బాగైంది కదా, వేరే పని చూసుకోవచ్చు కదా అన్నాను.

"ఇదే బాగుండాది సార్. వెనకున్నాయన తొక్కు తొక్కు అనడు" అన్నాడు.

అన్న గుర్రాలు తీయించేశాడు. కానీ ఎవరికీ చెప్పలేదు. జమ్మలమడుగులో ఎవరైనా అడిగితే ముప్పై పెరిగినాయనే చెప్పేవాడు. విన్నవాళ్లు, అందుకే బండి అంత జోరుగా పోతుంది అనేవాళ్లు. నిజం తెలిసింది అన్నకు, మామకు, నాకు. మామ ఎప్పుడూ బయటపెట్టలేదు. ఆయన పోయాడు కాబట్టి నేను పెడుతున్నాను.

మామ పోవడం కూడా పెద్ద హడావుడి లేకుండానే జరిగింది. మధ్యాహ్నం తిని షెడ్డులో మంచం మీద ఒరిగాడు, టీ ఇవ్వబోతే లేవలేదు. మర్నాడు ఎత్తారు. లారీల వాళ్లు, ఆటోల వాళ్లు, మూడూళ్ల డ్రైవర్లు వచ్చారు. మామ ఇంకా చెప్పు విడిచి ఇమ్మంటాడేమో అన్నట్టు అందరూ కాళ్ల వైపు చూసుకుంటూ నిలబడ్డారు. శవాల బండికి పూలు కట్టారు. స్టీరింగు దగ్గర ఓబులేసు. ముందు పలకలు కొట్టేవాళ్లు, వెనక తెల్ల కార్ల వరస. వాటిలో మొదటిది అన్న బండి, అలవాటు ప్రకారం సందు వదలకుండా.

పలకల వాళ్లు నాలుగు అడుగులకోసారి ఆగి కొడుతున్నారు. ఆ నడకకు మొదటి గేరు కూడా ఎక్కువే. అందరికీ తెలిసిందే, ఇలాంటప్పుడు డ్రైవరు సగం క్లచ్చు మీద పాకించాల్సిందే. ఓబులేసు వీధి మలుపు దాకా వచ్చి, ఇంజను ఆపేసి, బ్రేకు లాగి కిందికి దిగాడు. బ్యాటరీ పోయిందేమో అని ఎవరో అన్నారు. మామ వాళ్ల కొడుకు ఓబులేసు దగ్గరికి వచ్చాడు. ఏమైందప్పా అని అడిగాడు కొడుకు.

"ఏం కాలేదన్నా. ఈయప్పను సగం క్లచ్చు మీద తీస్కపోతే నా మీద నాకే ఉమ్మెయ్యబుద్ధవుతాది. తోసుకుంటా పోదాం" అన్నాడు.

ఎక్కి కూర్చుని న్యూట్రల్లో పెట్టి స్టీరింగు పట్టుకున్నాడు. ముందు లారీల వాళ్లు వచ్చి చేతులు వేశారు. తర్వాత వెనక బండి తలుపు తెరుచుకుంది. అన్న దిగాడు, ఇస్త్రీ చొక్కా చేతులు మడిచి బండి వెనక రేకు మీద అరచేతులు ఆనించాడు. నేను ఆయన పక్కన చోటు చేసుకున్నాను. బండి కదిలింది. మా వెనక కార్లలో ఇంజన్లు ఒక్కొక్కటే ఆగిపోవడం వినబడింది. మనుషులు దిగి వచ్చి మా వెనక చేరారు.

పెన్న ఒడ్డుకు ముందు రోంత మిట్ట ఉంది. అక్కడ అన్నకు ఊపిరాడలేదు. మామ శానా బరువుండాడు సారూ అని నాతో మెల్లగా అన్నాడు. నా కళ్లకు అప్పటికే ముందున్న పూలు సరిగ్గా కనబడటం లేదు. ఇంకా గట్టిగా తోశాను.

మూడూళ్ల బండ్లు కలిసిన ఊరేగింపు అది. ఒడ్డు చేరేదాకా ఎక్కడా కాలిన వాసన రాలేదు.